వెన్నెల సాక్ష్యం: చారిత్రక డిటెక్టివ్ నవలను చదివే తీరు, పదిమందికి తిప్పే తీరు

"బహుళ పంచమి రాత్రి, తొలిజాములో, పెన్న ఒడ్డు తోటలో పండువెన్నెల. ఆ వెలుగులో అతని ముఖం నా కళ్ళతో చూశాను." నవలలో ఒక సాక్షి ఇలా చెప్పాడనుకోండి. చాలామంది పేజీ తిప్పేస్తారు. పంచాంగం చూసే అలవాటున్న మనిషి మాత్రం అక్కడ ఆగుతాడు. బహుళ పంచమికి చంద్రుడు పైకొచ్చేసరికి రాత్రి పది అవుతుంది. తొలిజాము తొమ్మిదికే అయిపోతుంది. అంటే సాక్షి అబద్ధమన్నా చెప్పి ఉండాలి, రచయిత పొరపాటన్నా పడి ఉండాలి. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవడంలోనే చారిత్రక అపరాధ పరిశోధన నవల రుచంతా ఉంది. ఈ రకం నవలలో కాలం కూడా ఒక సాక్షే. ఆ సాక్షిని ప్రశ్నించాలంటే కొన్ని లెక్కలు చేతిలో ఉండాలి. పుస్తకాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ సాక్ష్యం ముందే బయటపడకుండా కాపాడాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు దగ్గరి ఉదాహరణలతో ఆ పద్ధతులన్నీ ఇక్కడ చెబుతున్నాం.

పుస్తకం తెరిచే ముందు

ముందుమాట చదవకండి. మన పుస్తకాల్లో ముందుమాటలు రాసే పెద్దలు అభిమానం కొద్దీ కథంతా చెప్పేస్తారు, హంతకుడి మనస్తత్వాన్ని కూడా మెచ్చుకుంటారు. వెనక "చారిత్రక నేపథ్యం" అని ఉండే పేజీలదీ అదే సంగతి. ఆ రెండు భాగాలకూ రెండంగుళాల వెడల్పు కాగితం పట్టీ చుట్టి, పట్టీ కొసలు రెండూ ఒకదానికొకటి అంటించండి. జిగురు పేజీలకు తగలకూడదు. గుండుసూది, ఇనప క్లిప్పు వద్దు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఒక్క వానాకాలానికే తుప్పు మరక దిగుతుంది.

పాత పుస్తకమైతే పేజీలు లెక్కపెట్టండి. మన నవలలు ఎక్కువగా ఫారానికి (ఒకేసారి అచ్చయి, మడిచి కుట్టే కాగితానికి) 16 పేజీల చొప్పున అచ్చవుతాయి. 192 పేజీల నవల అంటే 12 ఫారాలు. కుట్టు వదిలి ఊడిపోయేటప్పుడు ఒక ఫారం మొత్తం జారిపోతుంది కాబట్టి 96 తర్వాత 113 కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. అద్దె పుస్తకాల షాపుల నుంచి వచ్చిన ప్రతుల్లో చివరి ఆకులు చూడటం మరీ ముఖ్యం. అవే ముందు చిరుగుతాయి. మిగతా నవలల్లో నాలుగు పేజీలు పోతే ఊహించుకోవచ్చు. ఇక్కడ ఆ నాలుగు పేజీల్లోనే ఆధారం ఉండవచ్చు.

వారపత్రికల సీరియల్ కాగితాలు చించి ఇంట్లో కుట్టుకున్న కట్టలు ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో అటకల మీద ఉన్నాయి. అలాంటి కట్ట దొరికితే చదవబోయే ముందు ప్రతి భాగం చివర "సశేషం", తర్వాతి భాగం మొదట "గత సంచిక తరువాయి" ఉన్నాయో లేదో, సంచిక తేదీలు వారం వారం వరుసగా ఉన్నాయో లేదో చూడండి. ఒక్క వారం తప్పినా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకప్పటి ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. పాత పత్రికలు దాచిన చోటు అది. తప్పిపోయిన సంచిక కోసం వెళ్ళేవాళ్ళు పత్రిక పేరుతోపాటు తేదీ కూడా రాసుకుని వెళ్ళాలి. "ఆ రోజుల్లో వచ్చింది" అంటే ఎవరూ వెతికి ఇవ్వలేరు.

ఇక పేర్ల పట్టిక. చారిత్రక నవలలో పాఠకుణ్ణి ముందు తికమక పెట్టేది హంతకుడు కాదు, పేర్లు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే వంశంలో ఒకే పేరు రెండు మూడుసార్లు వస్తుంది. విక్రమసింహపురి, అంటే ఇప్పటి నెల్లూరు, ఏలిన తెలుగు చోడుల్లో మనుమసిద్ధి పేరు ఒకరికి కాదు. తిక్కనలూ అంతే. భారతం రాసిన కవి తిక్కన వేరు, కాటమరాజుతో పోరులో పడిపోయిన ఖడ్గ తిక్కన వేరు. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. దీనికి తోడు ఒకే మనిషిని ఒకచోట పేరుతో, ఒకచోట బిరుదుతో, ఒకచోట కొలువు పేరుతో పిలుస్తారు. కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు నిలువు గడులు గీయండి: పేరు, బిరుదు లేదా కొలువు, ఎవరికి ఏమవుతాడు, మొదట కనిపించిన పేజీ. చివరి గడి చాలా పనికొస్తుంది. ఈ నవలల్లో హంతకుడు తరచుగా తొలి 50 పేజీల్లోనే ఏదో చిన్న పనిమీద వచ్చి వెళ్ళి ఉంటాడు.

కాలం లెక్కలు

రోజుకు 60 గడియలు. గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్న రంధ్రమున్న గిన్నె నీళ్ళలో మునగడానికి పట్టే సమయంతో దాన్ని కొలిచేవారు. జాము అంటే ఏడున్నర గడియలు, మూడు గంటలు. లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది, అర్ధరాత్రి నుంచి కాదు. "పన్నెండు గడియల వేళ" అంటే పొద్దెక్కాక పన్నెండు గడియలు, దాదాపు ఉదయం పదకొండు. దాన్ని పన్నెండు గంటలనుకుంటే ఆ సమయంలో ఎవరెక్కడున్నారో వేసుకున్న లెక్క మొత్తం తప్పుతుంది. నెల్లూరులో సూర్యోదయం ఏడాది పొడవునా సుమారు 5.40కీ 6.40కీ మధ్య తిరుగుతుంది కాబట్టి ఆరింటికని లెక్కవేసుకుంటే సరిపోతుంది.

రాత్రి నాలుగు జాములు: ఆరు నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి పన్నెండు, పన్నెండు నుంచి మూడు, మూడు నుంచి తెల్లవారే వరకు. హత్యలు ఎక్కువగా మూడో జాములో జరుగుతాయి, అబద్ధాలు ఎక్కువగా రెండో జాము గురించి చెబుతారు.

ఇప్పుడు వెన్నెల. ఈ ఒక్క లెక్క నేర్చుకుంటే చాలు, చదివే పద్ధతే మారిపోతుంది. పౌర్ణమి నాడు సూర్యుడు దిగుతుండగా చంద్రుడు లేస్తాడు. ఆ తర్వాత రోజుకు సుమారు రెండు గడియలు, అంటే 48 నిమిషాలు ఆలస్యం. బహుళ పక్షంలో తిథి సంఖ్యను 48తో హెచ్చవేసి సూర్యాస్తమయానికి కలిపితే చంద్రోదయం వస్తుంది. బహుళ పంచమి అయిదో తిథి: 5 × 48 = 240 నిమిషాలు, నాలుగు గంటలు. ఆరింటికి పొద్దు గూకితే పదింటికి చంద్రుడు. శుద్ధ పక్షంలో ఇదే లెక్క చంద్రుడు అస్తమించే వేళ చెబుతుంది. శుద్ధ చవితి నాడు 4 × 48 = 192 నిమిషాలు, రాత్రి తొమ్మిది దాటాక చీకటి. శుద్ధ అష్టమికి వెన్నెల అర్ధరాత్రి దాకా ఉంటుంది, బహుళ అష్టమికి అర్ధరాత్రి తర్వాతే మొదలవుతుంది. అరగంట అటూ ఇటూ కావచ్చు, అందుకని పది నిమిషాల తేడా పట్టుకుని రచయితను తప్పుపట్టకండి. రెండు గంటల తేడా వస్తే మాత్రం కాగితం తీసి పేజీ నంబరు రాసుకోండి. గ్రహణాలకు లెక్క కూడా అక్కర్లేదు. చంద్రగ్రహణం పౌర్ణమికి, సూర్యగ్రహణం అమావాస్యకు తప్ప రావు.

సంవత్సరాల సంగతి. శాసనాల్లో, వాటిని ఆధారం చేసుకున్న నవలల్లో శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే క్రీ.శ. వస్తుంది. జనవరి నుంచి ఉగాది లోపు తేదీలకు 79 కలపాలి. పక్కన ప్రభవ, విభవ అని పేరు కూడా ఉంటే దాన్నీ సరిచూడవచ్చు, ఎందుకంటే ఆ పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం శక 1166, క్రోధి. 1166కు 78 కలిపితే 1244. 2024 ఉగాదికి మొదలైన ఏడు క్రోధి. 2024లోంచి 1244 తీస్తే 780, అది సరిగ్గా 13 అరవైలు. లెక్క కుదిరింది. నవలలో ఒక దొంగ దానపత్రం వచ్చి, అందులో శక సంవత్సరానికీ సంవత్సరం పేరుకీ పొంతన లేకపోతే దాన్ని రాసినవాడు పంచాంగం తెలియనివాడని పట్టుకోవచ్చు. ఆ రోజుల్లో అది తెలియనివాడు ఎవడై ఉంటాడన్నది తర్వాతి ప్రశ్న.

కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలం, దొరల కాలం నవలల్లో, ముఖ్యంగా భూమి తగాదాలున్న వాటిలో, ఫసలీ అనే శిస్తు లెక్కల సంవత్సరం కనబడుతుంది. ఫసలీకి 590 కలపాలి, ఏడాది జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా.

డబ్బు లెక్క కూడా కాస్త తెలిసి ఉండాలి. చెన్నపట్నం నాణేల్లో 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక వరాహ. 1818లో రూపాయి లెక్కకు మారినప్పుడు 100 వరాహలకు 350 రూపాయలుగా కట్టారు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా. లంచంగా ఇచ్చిన సొమ్ము చిన్నదో పెద్దదో తెలియకపోతే హత్యకు కారణం ఎంత బలమైనదో అంచనా వేయలేం.

ఏరు, గాలి, వాన

మన జిల్లాల్లో వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య గాలులతో కురుస్తుంది. ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం అన్నమాట. పైనున్న జిల్లాల్లో శ్రావణ భాద్రపదాలు వానాకాలమైతే, నెల్లూరు రైతు అప్పటికింకా మబ్బుకేసి చూస్తూ ఉంటాడు. బయటి ప్రాంతం రచయితలు పొరబడే చోటు ఇదే. సోమశిల డ్యాం రాకముందు పెన్న వేసవిలో ఇసుక, కార్తీకంలో వరద. "కార్తీక బహుళంలో రాత్రికి రాత్రి ఏరు దాటి, పని ముగించుకుని తెల్లవారేసరికి తిరిగొచ్చాడు" అని రాస్తే పడవ ఎవరిదో చెప్పి తీరాలి. ఆ పడవవాడు పుస్తకంలో ఎక్కడా లేకపోతే అనుమానించండి. అదే వైశాఖంలో అయితే ఇసుకలో నడిచిపోవచ్చు, కానీ అడుగుజాడలు మిగులుతాయి. ఓడలకూ ఇదే వరస. తుపాను నెలల్లో ఈ తీరాన ఓడ నిలపడం ప్రాణాలతో చెలగాటం.

పైన చెప్పిన మోటుపల్లి శాసనం ఎందుకు వేయించారంటే, అంతకుముందు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది ముట్టబోమని అభయమిచ్చాడు. ఇది తెలిసి చదివితే 1244కు ముందు కథలో "ఓడ మునిగింది" అన్న వార్తకు ఒక అర్థం, ఆ తర్వాతి కథలో ఇంకో అర్థం. ముందైతే లాభం రాజుకు. తర్వాతైతే ఓడను ఎవరైనా కావాలని మునగనిచ్చారా, ఎవరికి లాభం అని అడగాలి.

అప్పటికి లేనివి

1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగాక, పోర్చుగీసు ఓడల వెంట అమెరికా ఖండం పంటలు మన దేశానికి వచ్చాయి. మిరపకాయ, పొగాకు, వేరుసెనగ, టమాటా, బంగాళాదుంప, బొప్పాయి, జామ, మొక్కజొన్న అన్నీ ఆ తర్వాత వచ్చినవే. గణపతిదేవుడి కాలం వంటింట్లో గోంగూరలోకి ఎండుమిరపకాయలు వేయిస్తే అది తప్పు. కారమంటే అప్పుడు మిరియాలు. ఒంగోలు, కందుకూరు అనగానే ఇప్పుడు పొగాకు గుర్తొస్తుంది. అయినా కాకతీయుల నాటి కావలివాడి నోట్లో చుట్ట పెట్టకూడదు. 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట పట్టుకున్నాడు, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించాడు. ఆ ముట్టడి నేపథ్యంగా ఉన్న నవలలో కూడా సైనికుడి మూటలో మిరపకాయలుంటే రచయిత తొందరపడ్డాడన్నమాట.

తంతి, రైలు, అగ్గిపెట్టె, కిరసనాయిలు దీపం, అన్నీ పందొమ్మిదో శతాబ్దానివి. దేశమంతటికీ పనికొచ్చే తపాలా బిళ్ళలు 1854లో వచ్చాయి. వేలిముద్రల కార్యాలయం కలకత్తాలో 1897లో పెట్టారు. 1880 నాటి కథలో వేలిముద్రతో దొంగ దొరికితే ఒప్పుకోకండి. విషాల్లో పాషాణాన్ని (ఆర్సెనిక్‌ను) శవంలో కనిపెట్టే నమ్మకమైన రసాయన పరీక్ష 1836లో వచ్చింది. అంతకుముందు కథల్లో విషమని తేల్చడానికి వైద్యుడి అనుభవం, కాకులకు పెట్టిన అన్నం, వంటవాడి నోరు తప్ప వేరే దారి లేదు.

ఎవరు విచారిస్తారు?

"ఇన్‌స్పెక్టరు" అనే మాట ఏ కాలానికి సరిపోతుందో చూడండి. మద్రాసు రాజధానిలో జిల్లా పోలీసు చట్టం 1859లో వచ్చింది. శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుంచి అమలయింది. నెల్లూరు ప్రాంతం ఆర్కాటు నవాబు నుంచి కుంఫిణీ చేతికి పూర్తిగా వచ్చింది 1801లో. గ్రామ మునసబు 1816 నిబంధనల తర్వాతి మనిషి. అంతకుముందు కథ అయితే తలారి, కావలివాడు, కరణం, పాళెగాడు, ఆపైన రాజు ధర్మాసనం.

పాత కావలి పద్ధతిలో ఒక కీలకం ఉంది. కావలి రుసుము తీసుకున్నవాడు తన హద్దులో దొంగతనం జరిగితే సొత్తు పట్టివ్వాలి, లేదా విలువ కట్టివ్వాలి. అందుకే ఆ కాలం కథలో కావలివాడు దొంగను వెతకడం న్యాయం కోసమే కాదు, తన ఇల్లు నిలబెట్టుకోవడం కోసం కూడా. దొంగ దొరకకపోతే ఎవడో ఒక అమాయకుణ్ణి అప్పగించే ఆశ కూడా అతనికే ఎక్కువ.

1872 సాక్ష్య చట్టం తర్వాతి కథల్లో ఇంకొకటి గమనించండి. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో నిందితుడికి వ్యతిరేకంగా చెల్లదు. చివరి అధ్యాయంలో హంతకుడు ఠాణాలో అంతా ఒప్పేసుకోవడంతోనే కేసు ముగిసిందంటే ఆ ముగింపు బలహీనం. మంచి రచయిత మేజిస్ట్రేటునన్నా పిలిపిస్తాడు, వస్తురూపంలో ఇంకో ఆధారమన్నా చూపిస్తాడు.

తాటాకు, రాగిరేకు

తాటాకు మీద సిరా ఉండదు. ఘంటంతో గీసి, మసి రుద్దితే అక్షరం కనబడుతుంది. గీసిన గీత చెరగదు, గీకితే ఆకు పైపొర లేచి చెయ్యికి గరుగ్గా తగులుతుంది. కాబట్టి "ఎవరో అక్షరాలు చెరిపి మార్చారు" అంటే ఆ గరుకు ఎవరికో ఒకరికి తగలాలి. ఆకును తగలబెట్టారని కథలో ఉంటే అంచుల్లో మసి, మిగిలిన ముక్కల్లో తాడు కోసం పొడిచిన రంధ్రం కనబడాలి. రాగిరేకుల దానపత్రమైతే రేకుల్ని ఒక కడియానికి గుచ్చి, కడియం అతుకు మీద రాజముద్ర వేస్తారు. శాసనాలు చదివే పండితులు ముందు అడిగే ప్రశ్న కడియం తెగిందా లేదా అన్నది. తెగిందంటే లోపలి రేకు మార్చే వీలు ఉందన్నమాట. నవలలో ఈ వర్ణన వస్తే వేగం తగ్గించి చదవండి.

ఊళ్ళ పేర్లు, పాత పదవులు సరిచూసుకోవడానికి బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు జిల్లా శాసనాలు ఉన్నాయి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ఊళ్ళవి కూడా అందులోనే దొరుకుతాయి. మెకంజీ దొర సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ళవారీ కథనాలు, ఊరి కథలకు మంచివి, కానీ వాటిలో విన్నవి, జరిగినవి కలిసిపోయి ఉంటాయి. పాత మాటలకు 1852 నాటి బ్రౌను నిఘంటువు, ఫోనులో అయితే ఆంధ్రభారతి వెబ్‌సైటు చాలు.

దూరదేశపు కథలైతే

అనువాదాల్లో వచ్చే పాత ఇంగ్లండు, పాత చైనా నవలలకు వాటి కొలతలు వాటికున్నాయి. ఇంగ్లండులో 1971 దాకా పౌనుకు 20 షిల్లింగులు, 240 పెన్నీలు. అక్కడ 1752 సెప్టెంబరు 2 తర్వాతి రోజు 14. మధ్యలో పదకొండు రోజులు అసలు లేవు. అంతకుముందు వారి అధికారిక కొత్త సంవత్సరం మార్చి 25న. ఫిబ్రవరి తేదీ వేసిన ఉత్తరంలో ఏడాది తప్పుగా కనిపించడానికి కారణం ఇదే కావచ్చు. పాత చైనాలో పగలూరాత్రీ కలిపి పన్నెండు భాగాలు, ఒక్కోటి మన రెండు గంటలు. అక్కడి న్యాయాధికారే పోలీసు, అతనే జడ్జి. సొంత రాష్ట్రంలో కొలువు ఇవ్వరు, శిక్ష వేయాలంటే నేరస్థుడు ఒప్పుకోవాలి. ఈ రెండూ తెలియకపోతే కథలో అతను ఎందుకంత తిప్పలు పడుతున్నాడో అర్థం కాదు.

తప్పా, ఆధారమా?

పొంతన లేనిది కనబడగానే రచయిత తప్పని కొట్టిపారేయకండి. ముందు దాన్ని ఆధారంగానే నమ్మండి. తర్వాత మూడు సంగతులు చూడండి. ఆ మాట అన్నది పాత్రా, కథ చెప్పే గొంతా? పాత్ర అంటే అబద్ధం కావచ్చు. రచయిత తన గొంతుతో చెబితే పొరపాటు అయ్యే వీలు ఎక్కువ. అదే వివరం ఇంకోచోట మళ్ళీ వచ్చిందా? వెన్నెల గురించి ఇద్దరు వేర్వేరుగా చెబితే కావాలనే పెట్టింది. చివరగా, మిగతా వివరాల్లో రచయిత జాగ్రత్త ఎలా ఉంది? మిరియాలు, గడియలు, ఫసలీ అన్నీ సరిగ్గా రాసినవారు తిథి ఒక్కటీ ఊరికే తప్పరు.

పదిమందికి తిప్పడం

ఆరు నుంచి ఎనిమిదిమంది, రెండు ప్రతులు, మనిషికి పది రోజులు. ఇంతకంటే పెద్ద గుంపైతే మొదట చదివినవారు నెలకు మించి నోరు మూసుకుని ఉండాలి, అది ఎవరివల్లా కాదు. వరుస వేసేటప్పుడు మాట కడుపులో దాచుకునేవారికి ముందివ్వండి. నోట్లో నువ్వుగింజ నానని వారికి చివర.

పుస్తకంలో గీతలు పెట్టకూడదు. పెన్సిలు చుక్క కూడా తర్వాతి పాఠకుడికి "ఇక్కడ చూడు" అని చెప్పినట్టే. గమనికలు విడి చీటీల మీద రాసుకుని పుస్తకం ఇచ్చే ముందు తీసేయండి. వెన్ను విరిచి బోర్లా పెట్టకండి. విరిగిన చోటే పుస్తకం తనంతట తాను తెరుచుకుంటుంది, చాలాసార్లు ఆ చోటు హంతకుడు దొరికే పేజీయే. చివరి రెండు అధ్యాయాలకు కూడా కాగితం పట్టీ వేయండి. ఒకరు చదివి ముగించాక కొత్త పట్టీ వేసి తర్వాతివారికి ఇవ్వాలి.

పట్టీ తెంచే ముందు ప్రతివారూ ఒక చీటీ రాసి, కవరులో పెట్టి అంటించి ఇవ్వాలి. చీటీలో నాలుగు సంగతులు: ఎవరు, ఎందుకు, ఏ పేజీలో తెలిసింది, ఆ కాలంలో మాత్రమే కుదిరే ఆధారం ఏది. నాలుగోదానికి జవాబు దొరకకపోతే ఆ నవలలో చరిత్ర వేషం మాత్రమే. అలాంటి నవల మంచి డిటెక్టివ్ కథ కావచ్చు, కానీ దాన్ని చారిత్రక నవలని చెప్పి పంచవద్దు.

వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుంటే ప్రతి సందేశం మొదట "120వ పేజీ దాకా" అని రాసి, ఆ తర్వాతే సంగతి చెప్పండి. పేజీ ఫొటోలు పెట్టవద్దు, కన్ను ముందు చివరి వాక్యం మీదే పడుతుంది. ఎవరైనా "అన్నా, ఆ కరణమేనా చంపింది?" అని అడిగితే కాదని కూడా చెప్పకండి. కాదన్నా ఒకరు తగ్గినట్టే. "ఎన్నో పేజీలో ఉన్నావు?" అని తిరిగి అడగడమే సరైన జవాబు.

కళ్ళు సరిగా కనపడని పెద్దలకు చదివి వినిపించాలంటే డెమ్మీ సైజు పేజీకి సుమారు రెండు నిమిషాలు. పూటకు 20 పేజీలు చాలు. చదివే మనిషి అప్పటికి ముగింపు తెలియనివాడై ఉండాలి. తెలిసినవారి గొంతు హంతకుడి మాటలు వచ్చేసరికి మారుతుంది, అమ్మమ్మలు దాన్ని ఇట్టే పట్టేస్తారు.

మొత్తం పుస్తకం స్కాన్ చేసి పంపడం తప్పు. రచయిత కన్నుమూసిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. 1960లో పోయినవారి రచనలు 2021 జనవరి 1 నుంచి అందరివీ. అనువాదమైతే అనువాదకుల హక్కు విడిగా లెక్కించాలి.

బస్సులో పార్సిలు పంపేటప్పుడు రెండు వైపులా అట్టముక్కలు పెట్టి, పాలిథిన్‌ చుట్టి, ఆపైన కాగితం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పాలిథిన్‌ రెండు పొరలు వేయండి. ఇంట్లో బీరువా గోడకు బెత్తెడు ఎడంగా, అడుగు అర నేలకు అరడుగు ఎత్తున ఉండాలి. వేపాకు పెడితే పూర్తిగా ఎండినదే పెట్టండి, పచ్చిది బూజు తెస్తుంది. కలరా ఉండలు గుడ్డలో కట్టి, పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయకండి. ఏడాదికి పసుపై, జిగురు పక్కపేజీకి అంటుకుంటుంది. పల్చటి గాలిపటం కాగితం, మైదా జిగురు వాడండి. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు రాదు. అది విషం కాబట్టి ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడకూడదు. తుప్పుపట్టిన పిన్నులు లాగేసి అవే రంధ్రాల్లోంచి నూలుదారంతో కుట్టండి.

రిజిస్టరులో పుస్తకం పేరు, తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీతోపాటు "ఫారాలు సరిచూశాం" అనే గడి ఒకటి పెట్టండి. పుస్తకం తిరిగొచ్చిన ప్రతిసారీ ఇచ్చినవారి ఎదుటే లెక్కపెట్టి ఆ గడిలో సంతకం చేయించుకోండి. చివరి మనిషి చదవడం అయ్యాక కవర్లన్నీ ఒకే రోజు, అందరూ ఉన్నప్పుడు, పుస్తకం చదివిన వరుసలోనే విప్పండి.